బ్రస్సెల్స్ చూర్ణం కథ

ఒళ్ళు తగ్గుటకు మూలికల మందు వాడవచ్చునా అని శ్రోతలు మమ్ము అడుగుచుందురు. "చెట్టు మందు గదా, మేలు చేయకున్నను కీడు చేయదు" అను నమ్మకం ఆ ప్రశ్నలోనే దాగియుండును. దానికి సమాధానంగా మేము ఒక చరిత్ర చెప్పదలచినాము.

1992లో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో, యాభై ఏండ్లు నిండని స్త్రీలు ఇద్దరు మూత్రపిండాలు చెడి చికిత్సకు వచ్చినారు. వ్యాధి అతి వేగంగా ముదిరినది. పరీక్షింపగా మూత్రపిండాల లోపలి కణజాలం నారకట్టి గట్టిపడియున్నది. ఇద్దరూ సన్నబడుటకై ఒకే వైద్యశాలలో మందు పుచ్చుకొన్నవారని విచారణలో తేలినది.

ఆ వైద్యశాల క్రొత్తది కాదు. ఏండ్ల తరబడి స్థూలకాయులకు మందు లిచ్చుచునే యున్నది. మారినది ఒక్కటే: 1990 మే నెలలో మందుల మిశ్రమంలో రెండు చైనా మూలికల చూర్ణాలు చేరినవి. ప్రొఫెసర్ వాన్‌హెర్‌వెగెమ్, ఆయన సహచరులు ఈ జాడ పట్టుకొని 1993లో 'లాన్సెట్' పత్రికలో తొమ్మిదిమంది రోగుల వృత్తాంతం ప్రకటించినారు. పిమ్మట ఆ సంఖ్య నూరు దాటినది.

ఆ రెంటిలో ఒకటి స్టెఫానియా అను తీగ వేరని అందరూ అనుకొన్నారు. చైనీయులు దానిని 'హాన్ ఫాంగ్ జీ' అందురు. 'గువాంగ్ ఫాంగ్ జీ' అని మరియొకటి కలదు. అది ఆరిస్టలోకియా జాతి తీగ. పిలుపులో రెండూ 'ఫాంగ్ జీ'లే. 1994లో చూర్ణాలను విశ్లేషింపగా, స్టెఫానియాలో ఉండవలసిన టెట్రాండ్రిన్‌కు బదులు పెక్కింట ఆరిస్టలోకిక్ ఆమ్లం బయటపడినది. పేరు ఒకటి, వేరు మరొకటి. మనకిది వింత కాదు. 'పాషాణభేది' అను ఒక్క పేరిట మన దేశంలో ప్రాంతానికొక మొక్క అమ్ముడగును.

ఆరిస్టలోకియా మనకు పరాయిదీ కాదు. మన ఈశ్వరి, గాడిదగడపాకు ఆ జాతివే. సుఖప్రసవం కలిగించునది అను అర్థం వచ్చునట్లు గ్రీకులు దానికి ఆ పేరు పెట్టినారు. ఇంత పాత మందు విషమైనచో పెద్దలకు తెలియదా అని అడుగవచ్చును. వాంతియో విరేచనమో అయినచో ఆ పూటకే తెలియును. కాని ఏడాదికో రెండేండ్లకో మూత్రపిండం ఎండిపోయినచో, దానికీ ఎన్నడో మ్రింగిన వేరుకూ ముడి వేయువారెవరు? పైగా అదే చూర్ణం తిన్నవారిలో ఎక్కువమంది రోగులు కానేలేదు.

నిజమునకు హెచ్చరిక లేకపోలేదు. ఈ ఆమ్లం ఎలుకలలో క్యాన్సర్ పుట్టించునని 1982లోనే వెల్లడియైనది. ఆ రోజులలోనే జర్మనీలో అది కలిసిన మందులను అంగళ్ళనుండి తొలగించినారు. అయితే ఆ హెచ్చరిక ఆరిస్టలోకియాను గూర్చినది; బ్రస్సెల్స్ చీటీలలో ఆ పేరే లేదు.

మందు మానినను దాని పని ఆగలేదు. ఆ ఆమ్లం శరీరంలో రూపు మారి, కణాల డి.ఎన్.ఏ.కు అంటుకొని ఏండ్ల తరబడి నిలిచియుండును. మూత్రపిండాలు పూర్తిగా చెడి, డయాలసిస్ మీదనో మార్పిడి మూత్రపిండంతోనో బ్రతుకుచున్న 39 మంది, ముందుజాగ్రత్తగా తమ పాత మూత్రపిండాలను, మూత్రనాళాలను తీయించుకొన్నారు. 2000లో ఆ ఫలితాలు ప్రకటించినారు. వారిలో 18 మందికి క్యాన్సర్ కనబడినది. మొత్తంమీద 200 గ్రాములకు మించి చూర్ణం తిన్నవారికి ప్రమాదం హెచ్చు. ఇన్నూరు గ్రాములనగా ఎంత? రోజుకు అర గ్రాము చొప్పున ఏడాదికి పైగా తిన్నచో సరిపోవును. 2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆరిస్టలోకియా కలిసిన మూలికా మందులను మానవులకు క్యాన్సర్ కలిగించువానిలో చేర్చినది.

ఈ కథకు ఎవరూ ఊహించని మలుపు ఒకటి కలదు. డాన్యూబ్ ఉపనదుల తీరపు పల్లెలలో ఇట్టి మూత్రపిండ వ్యాధియే 1950ల నుండి వైద్యులను తికమక పెట్టుచుండెను. బ్రస్సెల్స్ రోగులలో దొరికిన డి.ఎన్.ఏ. గుర్తు వంటిదే 2007లో క్రొయేషియా పల్లెల రోగులలోను దొరికినది. అక్కడ సన్నబడవలెనని మందు తిన్నవారు లేరు. గోధుమ చేలలో కలుపుగా పెరిగిన ఆరిస్టలోకియా గింజలు ధాన్యంతో పాటు తిరుగలిలో పడి, పిండిలో కలిసి, ఇంటి రొట్టెలోనికి చేరినవి.