ఇన్సాస్ రైఫిలు

ఇన్సాస్ రైఫిలు భారత సైన్యంలోను, కేంద్ర, రాష్ట్ర పోలీసు బలగాలలోను 1990 దశకం చివరి నుండి విస్తృతంగా వాడబడిన 5.56 మిల్లీమీటర్ల తుపాకి. ఇండియన్ స్మాల్ ఆర్మ్స్ సిస్టమ్ అను ఆంగ్ల నామంలోని పొడి అక్షరాల నుండి ఈ పేరు ఏర్పడినది. రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థకు చెందిన పూణే ఆయుధ పరిశోధనాలయం దీనికి రూపకల్పన చేసింది. పశ్చిమ బెంగాల్ లోని ఇషాపూర్, ఉత్తర ప్రదేశ్ లోని కాన్పూర్, తమిళనాడు లోని తిరుచిరాపల్లి ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలలో ఇది తయారైనది. విదేశీ తుపాకులపై ఆధారపడకుండా, దేశానికి అందుబాటులో ఉండే ఖర్చుతో లక్షల సంఖ్యలో చేసుకోగల తుపాకి కావాలన్నది దీని వెనుక ఉన్న ఉద్దేశం. అయితే 1999 కార్గిల్ యుద్ధం నాటి నుండి దీని నమ్మకం మీద ఫిర్యాదులు వచ్చాయి. ఉన్న తుపాకిని బాగు చేసుకోవడమా, మరింత మేలైన దానిని కొనడమా అను ప్రశ్న సుమారు ఇరవై సంవత్సరాలు తేలకుండా నడిచింది.

నేపథ్యం

1960 దశకం నుండి భారత సైనికుని చేతిలో ఉన్నది ఇషాపూర్ లో తయారైన 7.62×51 మి.మీ. ఎస్.ఎల్.ఆర్. ఇది బెల్జియం దేశపు ఎఫ్.ఎ.ఎల్. తుపాకికి దగ్గరి బంధువు. గట్టిది, దూరం కొట్టగలది. కాని పొడవు, బరువు ఎక్కువ. మీట నొక్కిన ప్రతిసారి ఒక్క తూటాయే వెలువడుతుంది. 1987-90 మధ్య శ్రీలంకకు వెళ్ళిన భారత శాంతి పరిరక్షక దళం, వరుసగా కాల్చగల ఏకే-47లను పట్టుకున్న ఎల్.టి.టి.ఇ.ని ఈ తుపాకితోనే ఎదుర్కోవలసి వచ్చింది. ఆ అనుభవం కొత్త తుపాకి అవసరాన్ని స్పష్టం చేసింది. ఇన్సాస్ సిద్ధమయ్యే లోపున కాశ్మీరు అవసరాల కోసం 1990 దశకం ఆరంభంలో ఏకే తరహా తుపాకులను విదేశాల నుండి తెప్పించారు.

ఇన్సాస్ ను 1998 గణతంత్ర దినోత్సవ కవాతులో ప్రదర్శించారు. దానికి తగిన 5.56 మి.మీ. తూటాలు మొదట్లో దేశంలో చాలినన్ని లేక ఇజ్రాయెల్ నుండి కొనవలసి వచ్చింది. తుపాకిని స్వదేశంలో చేసుకున్నంత మాత్రాన స్వయంసమృద్ధి వచ్చినట్లు కాదనుటకు ఇది తొలి నిదర్శనం.

నిర్మాణం, పని చేసే తీరు

ఇన్సాస్ లో పలు ప్రసిద్ధ తుపాకుల లక్షణాలు కలిసి ఉన్నాయి. తూటా పేలినపుడు గొట్టంలో పుట్టిన వాయువులో కొంత భాగం పైనున్న సన్నని నాళంలోకి వెళ్ళి ఒక ముషలకాన్ని వెనుకకు నెడుతుంది. దానితో పాటు బోల్టు తిరిగి, తాళం విడి, వెనుకకు జరిగి ఖాళీ షెల్లును లాగి బయటకు విసురుతుంది. ఆపై స్ప్రింగు బోల్టును ముందుకు తోయగా, మ్యాగజైన్ లోని తరువాతి తూటా గొట్టంలోకి చేరుతుంది. ఈ ఏర్పాటు ఏకే తుపాకి నుండి వచ్చినది. వాయువు ఎంత లోనికి రావాలో నియంత్రించే మీట ఎఫ్.ఎ.ఎల్. నుండి, ఎడమ వైపు ముందుభాగాన ఉండే లాగుడు పిడి జర్మనీ తుపాకుల నుండి గ్రహించబడ్డాయి. బరువు సుమారు 4 కిలోలు. మ్యాగజైన్ లో 20 తూటాలు పడతాయి. ఒక్కొక్కటిగా గాని, మూడేసి గాని కాల్చవచ్చు. మీట నొక్కి ఉంచినంతసేపు కాల్చే సదుపాయం సాధారణ రైఫిలులో లేదు; తూటాలు వృథా కాకూడదన్న పొదుపు దృష్టితో దానిని కావాలనే వదిలివేశారు.

దీని వెనుక తన్ను తక్కువ. ఒక్కొక్క తూటాగా కాల్చినపుడు గురి బాగా కుదురుతుందని వాడినవారు ఒప్పుకుంటారు. తరువాతి కాలంలో వచ్చిన నిందల మధ్య ఈ గుణం దాదాపు మరుగున పడిపోయినది.

కార్గిల్ లో బయటపడిన లోపాలు

ఇన్సాస్ కు తొలి పెద్ద పరీక్ష 1999 మే - జూలై నెలల కార్గిల్ యుద్ధం. నాలుగు, ఐదు వేల మీటర్ల ఎత్తున, గడ్డకట్టే చలిలో దాని ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయి. లోపల ఎన్ని తూటాలు మిగిలాయో కంటికి కనబడునట్లు వాటిని పారదర్శకంగా చేశారు. ఆలోచన మంచిదే గాని, ఆ ప్లాస్టిక్ తీవ్రమైన చలికి పెళుసుబారింది. మ్యాగజైన్ పెదవి కొంచెం చిట్లినా తూటా సరైన కోణంలో నిలవదు. బోల్టు ముందుకు వచ్చినపుడు అది అడ్డంగా ఇరుక్కుంటుంది. తుపాకి మొరాయించిందని సైనికుడు చెప్పేది చాలాసార్లు ఇదే. మూడేసి తూటాలకు అమర్చినపుడు ఆగకుండా కాల్చుకుంటూ పోవడం, కాల్చేవారి కళ్ళలోకి నూనె చిందడం వంటి ఫిర్యాదులు కూడా వచ్చాయి. శత్రువుకు ఎదురుగా ఉన్న సైనికునికి ఇరుక్కున్న తూటాను పెకలించుకొను కొద్ది క్షణాలు చిన్న విషయం కాదు.

నేపాల్ ఉదంతం

మావోయిస్టులతో పోరాడుతున్న నేపాల్ సైన్యానికి భారతదేశం భారీ రాయితీతో ఇన్సాస్ తుపాకులను అందించింది. 2005 ఆగస్టులో కాలికోట్ జిల్లా పిలీ వద్ద జరిగిన పోరులో నేపాల్ సైనికులు 43 మంది మరణించారు. దీర్ఘంగా సాగిన ఆ పోరులో తుపాకులు సరిగా పని చేయలేదని, అవి నాసిరకమైనవని నేపాల్ సైన్య ప్రతినిధి బహిరంగంగా అన్నారు. వాడకంలోను, శుభ్రపరచడంలోను లోపం ఉండి ఉండవచ్చని, శిక్షణ ఇచ్చుటకు సిద్ధమని భారత్ బదులిచ్చింది. ఈ రెండు మాటలలో ఏదో ఒకటే నిజం కానవసరం లేదు. గంటల తరబడి కాల్పులలో వేడెక్కి, మసిబారిన తుపాకి శుభ్రత లేకపోతే ఆగిపోతుంది; అయితే అటువంటి స్థితిని కొంతవరకైనా తట్టుకోవడమే యుద్ధ తుపాకికి ఉండవలసిన లక్షణం.

ఏ లోపం బాగుపడుతుంది, ఏది బాగుపడదు

తుపాకి మొరాయించుటకు గల కారణాలన్నీ ఒక కోవకు చెందినవి కావు. మ్యాగజైను, స్ప్రింగులు, ఖాళీ షెల్లును లాగే కొక్కెం వంటివి విడిగా మార్చదగిన భాగాలు. వీటిని మార్చినంత మాత్రాన తుపాకి నడవడి పూర్తిగా మారిపోవడం కద్దు. అందులోను మ్యాగజైన్ మార్చుటకు తుపాకిని కర్మాగారానికి పంపవలసిన పని కూడా లేదు. తూటాలలోని మందు మారినా, నాణ్యత తగ్గినా, మంచి తుపాకి సైతం చెడ్డపేరు తెచ్చుకుంటుంది. ఇక భాగాల కొలతలు ఒక తుపాకికి, మరొక తుపాకికి తేడాగా వచ్చినట్లయితే అది తయారీ క్రమశిక్షణకు సంబంధించిన లోపం. కొత్త భాగాన్ని తెచ్చి పాత చట్రంలో అమర్చినా, చట్రమే కొలతకు లేకపోతే ఫలితం ఉండదు. చివరిది, సైన్యానికి కావలసిన తూటా పరిమాణమే మారిపోవడం. దానికి మరమ్మతు అన్నది లేదు. కొత్త తుపాకే మార్గం.

వియత్నాం యుద్ధంలో అమెరికా ఎం16 తుపాకి ఇందుకు మంచి ఉదాహరణ. 1966-67లో అది తరచు మొరాయించి సైనికుల ప్రాణాల మీదికి తెచ్చింది. తూటాలోని మందు రకం మార్చడం, తూటా కూర్చునే గదికి క్రోమియం పూత లేకపోవడం, శుభ్రపరచే సామగ్రి చాలినంతగా ఇవ్వకపోవడం అందుకు ముఖ్య కారణాలుగా తేలాయి. వాటిని సరిదిద్దిన ఎం16ఎ1 ఆ తరువాత దీర్ఘకాలం సేవలో నిలిచింది.

బ్రిటన్ ఎంచుకున్న మార్గం

ఇన్సాస్ కు మరింత దగ్గరి పోలిక బ్రిటన్ లో 1985లో సేవలోకి వచ్చిన ఎస్.ఎ.80 రైఫిలు. అదీ 5.56 మి.మీ. తుపాకే, అదీ స్వదేశీ రూపకల్పనే. 1991 గల్ఫ్ యుద్ధంలో ఎడారి ఇసుకకు అది మొరాయించింది. 1997లో నాటో కూటమి ఆమోదిత ఆయుధాల జాబితా నుండి దానిని తొలగించారు. అప్పుడు బ్రిటన్ ముందు సరిగ్గా ఇదే ప్రశ్న నిలిచింది.

2000 సంవత్సరంలో ఆ దేశం మరమ్మతుకే మొగ్గు చూపింది. జర్మనీకి చెందిన హెక్లర్ అండ్ కోహ్ సంస్థకు సుమారు రెండు లక్షల తుపాకుల పని అప్పగించారు. ఖర్చు సుమారు 9.2 కోట్ల పౌండ్లు, అనగా తుపాకి ఒక్కింటికి 460 పౌండ్ల వరకు. బోల్టు, కొక్కెం, ఫైరింగ్ పిన్ను, స్ప్రింగులు, మ్యాగజైను మొదలైనవి మార్చబడ్డాయి. ఆ సొమ్ముతో వేరే తుపాకి కొనవచ్చును కదా అని విమర్శించినవారు అప్పట్లో లేకపోలేదు. 2002లో ఆఫ్ఘనిస్తాన్ నుండి మళ్ళీ ఫిర్యాదులు వచ్చాయి. విచారణలో శుభ్రపరచే పద్ధతిలోని పొరపాట్లు బయటపడ్డాయి. ఆ తరువాత ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధాలలో ఎ2 రకం నమ్మదగినదిగా పేరు తెచ్చుకొన్నది. ఆపై మరికొన్ని మార్పులతో ఎ3 రకం వచ్చింది. మరమ్మతు ఫలించినా, బరువు మాత్రం తగ్గలేదు. ఎడమ భుజం నుండి కాల్చుటకు వీలులేని లోపం అలాగే మిగిలింది. రూపకల్పనలోనే ఉన్న గుణదోషాలను భాగాల మార్పిడి తొలగించలేదు.

భారతదేశంలో మెరుగుదల ప్రయత్నాలు

ఇన్సాస్ కు ఇటువంటి ఒకే పెద్ద మరమ్మతు కార్యక్రమం జరగలేదు. మార్పులు చేసిన 1బి1 రకం వచ్చింది. పొట్టి గొట్టం, మడత బట్టు, ఆగకుండా కాల్చే సదుపాయం గల ఎక్స్‌కాలిబర్ రకాన్ని 2010 దశకంలో రూపొందించారు. కాని సైన్యం దానిని తన ప్రధాన తుపాకిగా స్వీకరించలేదు.

ఈలోగా సైన్యం చూపు వేరొక వైపు మళ్ళింది. గొట్టం మార్చి రెండు రకాల తూటాలను కాల్చగల సుమారు 66,000 తుపాకుల కోసం 2011లో అంతర్జాతీయ టెండరు పిలిచారు. పలు విదేశీ సంస్థలు పోటీపడ్డాయి. అయితే నాలుగేళ్ళు గడిచాక, 2015లో, టెండరు రద్దయినది. ఒకే తుపాకి అన్ని పనులూ చేయాలని కోరుకొనుట ఆకర్షణీయమే గాని, ఆ కోరికకు పట్టిన మూల్యం నాలుగేళ్ళ కాలం.

2014 నవంబరులో కేంద్ర రిజర్వు పోలీసు దళం ఇన్సాస్ ను తన ప్రధాన తుపాకిగా కొనసాగించలేనని తెలిపింది. ఏకే-47, ఎక్స్-95లతో పోల్చితే ఇన్సాస్ ఎక్కువగా మొరాయిస్తున్నదని ఆ దళాధిపతి చెప్పారు. మావోయిస్టు ప్రాంతాలలోని అడవులలో, పదుల అడుగుల దూరంలో జరిగే ఎదురుకాల్పులు ఆ దళానికి నిత్యానుభవం.

5.56 నుండి తిరిగి 7.62కు

2017 నాటికి సైన్యం 7.62×51 మి.మీ. తూటాకు తిరిగి వెళ్ళాలని నిశ్చయించుకొన్నది. చిన్న తూటా శత్రువును గాయపరిస్తే అతనిని మోయుటకు మరి ఇద్దరు పోరు వదలాలి అన్నది 5.56 తూటాను సమర్థించే పాత వాదం. చావుకు తెగించి వచ్చే ఉగ్రవాది విషయంలో అది చెల్లదని అనుభవం నేర్పింది. సుమారు ఇరవై ఏళ్ళ క్రితం ఎస్.ఎల్.ఆర్.తో పాటు వదలుకొన్న తూటా ఇదే కావడం గమనార్హం. ఈ నిశ్చయంతో ఇన్సాస్ ను బాగు చేసుకోవడం అన్న మార్గం మూతపడింది. ఇషాపూర్ కర్మాగారం తయారుచేసిన 7.62×51 మి.మీ. రైఫిలును 2017 జూన్ లో పరీక్షించి, లోపాలు ఎక్కువగా ఉన్నాయని సైన్యం తిరస్కరించింది.

కొనుగోళ్ళు

2019 ఫిబ్రవరిలో అమెరికాలోని సిగ్ సావర్ సంస్థతో 72,400 సిగ్ 716 రైఫిళ్ళ కొనుగోలుకు ఒప్పందం కుదిరింది. ఇవి 7.62×51 మి.మీ. రకం, ముందుగా సరిహద్దులలోని దళాలకు చేరాయి. 2024 ఆగస్టులో మరో 73,000 తుపాకులకు ఒప్పందం జరిగింది. రెండవ విడత విలువ సుమారు 840 కోట్ల రూపాయలు. లెక్కకడితే తుపాకి ఒక్కింటికి లక్షా పదిహేను వేల వరకు. సైన్యమంతటికీ ఆ ధరకు కొనడం తేలిక కాదు.

అందువలన పెద్ద సంఖ్యకు ఏకే-203ను ఎంచుకొన్నారు. ఇది 7.62×39 మి.మీ. తూటాను కాల్చే రష్యా తుపాకి. ఉత్తర ప్రదేశ్ లోని అమేథీ జిల్లా కోర్వాలో ఇండో-రష్యన్ రైఫిల్స్ సంస్థను 2019లో నెలకొల్పారు. ధరపై చర్చలు సాగి సాగి, 2021 డిసెంబరులో 6,01,427 తుపాకులకు 5 వేల కోట్ల రూపాయలకు పైబడిన ఒప్పందం కుదిరింది. తొలి తుపాకులు 2023లో తయారయ్యాయి. 2024 జూలై నాటికి 35,000 తుపాకులు రక్షణ శాఖకు అందాయి. కొనుగోలు అనగా దుకాణానికి వెళ్ళి తెచ్చుకొనుట కాదని ఈ తేదీలే చెబుతాయి. కొత్త తుపాకితో పాటు కొత్త మ్యాగజైన్లు, విడిభాగాలు, వేరొక రకం తూటాల నిల్వలు, ఆయుధాలను బాగుచేసే వారికి శిక్షణ, అన్నీ కావాలి. ఇన్సాస్, సిగ్, ఏకే-203 మూడూ వాడుకలో ఉన్నంతకాలం సైన్యం మూడు రకాల తూటాలను సరఫరా చేసుకోవలసినదే.

హైదరాబాదు సంబంధం

ఇన్సాస్ కు రూపకల్పన చేసిన పూణే పరిశోధనాలయమే, హైదరాబాదుకు చెందిన ద్వీప ఆర్మర్ ఇండియా అను ప్రైవేటు సంస్థతో కలిసి 'ఉగ్రం' అను కొత్త రైఫిలును తయారుచేసింది. 2024 జనవరిలో దీనిని పూణేలో ఆవిష్కరించారు. ఇది 7.62×51 మి.మీ. తూటాను కాల్చుతుంది; బరువు 4 కిలోల లోపు, గురి దూరం 500 మీటర్లు. ఇన్సాస్ కాలంలో తయారీ బాధ్యత ప్రభుత్వ కర్మాగారాలకే పరిమితమై ఉండగా, ఇక్కడ తొలినుండి ప్రైవేటు తయారీదారు భాగస్వామి కావడం ముఖ్యమైన మార్పు.

ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల బోర్డు 2021 అక్టోబరు 1న రద్దయి ఏడు కంపెనీలుగా మారినది. ఇన్సాస్ తయారైన మూడు కర్మాగారాలు కాన్పూర్ కేంద్రంగా గల అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా సంస్థ కిందకు వచ్చాయి. ఏకే-203 రాకతో సైన్యంలో ఇన్సాస్ స్థానం క్రమంగా తగ్గుతున్నది. పలు రాష్ట్రాల పోలీసుల వద్ద మాత్రం అది ఇంకను వాడుకలో ఉన్నది.