చెవితో నడిపే బండి

బండి నడపడానికి కళ్ళు కావాలని అందరూ అంటారు. మా నాన్నగారు మాత్రం చెవులు కావాలనేవారు. ముప్ఫయ్యేళ్ళు ఆర్టీసీ బస్సు నడిపి, అందులో సగం శ్రీశైలం ఘాటు మీదే గడిపిన మనిషి. "ముల్లు చూసి గేరు మార్చేవాడు డ్రైవరేమిట్రా? ఇంజను మోత చెవికి తెలియాలి, సీటు కింది అదురు నడుముకి తెలియాలి" అనేది ఆయన సిద్ధాంతం.

అలాంటాయన రిటైరయ్యాక రెండు కళ్ళల్లోనూ శుక్లాలు వచ్చాయి. ఆపరేషనంటే భయం. అరుగు మీద కూర్చుని, రోడ్డున పోయే లారీలను మోతని బట్టి పోల్చుకోవడమే కాలక్షేపం. ఆ రోజుల్లో, అంటే 1995లో, మా అబ్బాయి చదువు పేరు చెప్పి ఇంట్లోకి కంప్యూటరు వచ్చింది. చదువు సంగతి దేవుడెరుగు గాని, వారం తిరక్కుండా అందులో కార్ల పందెం ఆట ఒకటి చేరింది. నాన్నగారు కుర్చీ దగ్గరగా లాక్కుని కాసేపు విని, "ఇది కారా? సీసాలో పడ్డ జోరీగలా ఉంది" అని లేచిపోయారు.

ఆయన మాటలో అబద్ధం లేదు. 1981లో ఐబీఎం వారు తొలి పీసీని తెచ్చినప్పుడు అందులో బుల్లి స్పీకరొకటి పెట్టారు. అది ఏదైనా పొరపాటు జరిగితే 'కీ' మని కూయడానికే గాని, పాడ్డానికి కాదు. ఒకసారికి ఒకటే స్వరం. నాలుగు సిలిండర్ల మోతను ఒక్క ఈలతో పలికించమంటే ఎవరివల్ల అవుతుంది చెప్పండి?

ఈ కొరత తీర్చడానికి ముందుకొచ్చిన వాళ్ళలో ఒకాయన సంగీతం మేష్టారు కావడం విశేషం. కెనడాలోని క్విబెక్ నగరంలో విశ్వవిద్యాలయంలో సంగీతం చెప్పిన మార్టిన్ ప్రెవెల్ స్థాపించిన కంపెనీ, 1987లో 'ఆడ్‌లిబ్' అనే సౌండ్ కార్డు తెచ్చింది. అందులో ఉన్నది యమహా వారి చిప్పు. ఏకకాలంలో తొమ్మిది గొంతులు పలుకుతుంది. దాని కిటుకు అంతకు ఇరవయ్యేళ్ళ ముందే, 1967లో, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టాడు. ఒక స్వరాన్ని మరో స్వరంతో మహా వేగంగా వణికిస్తే, గమకం మితిమీరి కొత్త వాద్యమే పుట్టినట్టు, కొత్త ధ్వని పుడుతుందన్నమాట. ఎంతైనా అది మిమిక్రీయే. కారు గొంతు కాదు, కారును అనుకరించే గొంతు.

అసలు గొంతు సింగపూర్ నుంచి వచ్చింది. 1981లో అక్కడ చిన్న కంప్యూటర్ దుకాణంతో మొదలుపెట్టిన సిమ్ వాంగ్ హూ, 1989లో 'సౌండ్ బ్లాస్టర్' విడుదల చేశాడు. ఆడ్‌లిబ్‌లో ఉన్న చిప్పు ఇందులోనూ పెట్టాడు. దానికి తోడు, నిజంగా రికార్డు చేసిన ధ్వనిని వినిపించే ఏర్పాటు చేశాడు. అంతటితో ఊరుకోలేదు. జాయ్‌స్టిక్కు తగిలించుకునే రంధ్రం కూడా ఆ కార్డుకే పెట్టాడు. అప్పటిదాకా దానికి వేరే కార్డు కొనాల్సివచ్చేది. ఆ విధంగా చాలా ఏళ్ళపాటు ఆటల స్టీరింగు తీగ వెళ్ళి చేరింది సౌండ్ కార్డుకే! ఆడ్‌లిబ్ 1992లో దివాలా తీసింది. అదే ఏడు సౌండ్ బ్లాస్టర్ 16 వచ్చింది. పాత కార్డు ధ్వనిని 256 మెట్లలో కొలిస్తే, ఇది 65,536 మెట్లలో, సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది.

సరే, మా ఇంటి కథకొద్దాం. మావాడి పోరు పడలేక సికిందరాబాదు వెళ్ళి ఒక కార్డూ, జత స్పీకర్లూ తెచ్చాను. నెల జీతంలో మంచి ముక్కే ఎగిరిపోయింది. తీరా బిగించాక, ఇంజను మోత మొదటి ముక్క మాత్రమే మళ్ళీ మళ్ళీ, గీతపడ్డ గ్రామఫోను రికార్డులా వినిపించడం మొదలెట్టింది. రెండు రోజులు తలపట్టుకున్నాక తెలిసిందేమిటంటే, కార్డు కంప్యూటరును పిలిచే నెంబరు ఏడు మీద ఉంటే, ఆటలో మేం రాసింది అయిదట! కార్డు మీద గోరంత మూత ఒకటి పీకి పక్క ముళ్ళకు తొడగ్గానే గది దద్దరిల్లింది.

అరుగు మీంచి నాన్నగారు లేచి వచ్చారు. తెర ఆయనకు కనపడదు. మనవడి వెనక నించుని రెండు నిమిషాలు విని, "ఒరే, మోత పెరిగిపోయింది, ఇంజను ఏడుస్తోంది, మూడో గేరు వెయ్యి!" అన్నారు. "మలుపొచ్చిందేమో, టైర్లు కీచుమంటున్నాయి, కాలు తియ్యి!" అన్నారు. మావాడు అప్పటిదాకా కళ్ళన్నీ ముల్లు మీదే పెట్టి గోడలకు గుద్దుకునేవాడు. ఆ సాయంత్రం మొదటిసారి ఆఖరివాడు కాలేదు. తాతయ్య ఆ రాత్రి కాఫీ రెండుసార్లు తాగారు.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. నిజం బండిలో ఒళ్ళంతా సమాచారం అందుతుంది. కుర్చీలో కూర్చుని ఆడేవాడికి దిక్కు కన్నూ చెవే. కన్ను దారి మీద ఉండాలి కాబట్టి, ఇంజను సంగతీ టైరు పట్టు సంగతీ చెవే చూసుకోవాలి. 1998లో పాపిరస్ వారు 1967 నాటి ఫార్ములా వన్ కార్లతో 'గ్రాండ్ ప్రి లెజెండ్స్' చేశారు. అది ఆడినవాళ్ళకు ఈ మాట బాగా తెలుసు.

తర్వాత వెనక వచ్చే కారును వెనక నుంచే వినిపించే కార్డులొచ్చాయి. 2007లో విండోస్ విస్టా వచ్చి, ఆటలు సౌండ్ కార్డు చేత నేరుగా చాకిరీ చేయించుకునే పాత దారి మూసేసింది. మామూలు అవసరాలకు మదర్‌బోర్డు మీది చిప్పే చాలనిపించి, విడి కార్డుల బేరం తగ్గింది.

నాన్నగారు ఇప్పుడు లేరు. మొన్న మావాడు తన ఇంట్లో పెట్టుకున్న పందెం కుర్చీ చూపించాడు. అందులో శబ్దానికి రెండు కార్డులున్నాయి. ఒకటి చెవులకట. రెండోది సీటు అడుగున బిగించిన అదురు యంత్రాలకట. "తాతయ్య చెప్పిందే నాన్నా" అన్నాడు.

కూర్చుని చూశాను. మూడో గేరు ఎప్పుడు వెయ్యాలో నడుముకే తెలిసింది.