పాత బండిలో పసిబిడ్డ సీటు: కొనే ముందు బండి బెల్టు చూడండి

రంపచోడవరం నుంచి గోకవరం మీదుగా రాజమండ్రికి యాభై, అరవై కిలోమీటర్ల దారి. పెద్దాసుపత్రి అన్నా, పెద్ద బజారు అన్నా ఏజెన్సీ కుటుంబాలు ఎక్కువగా పట్టేది ఈ దారినే. కాన్పుకు పుట్టింటికి వెళ్లిన అమ్మాయి చిల్లా నలభై రోజులూ గడిచాక బిడ్డతో తిరిగి వస్తుంది. అఖీఖాకు, ఈద్‌కు, టీకాలకు మళ్లీ ప్రయాణాలు తప్పవు. ఇంట్లో ఉన్న బండి చాలాసార్లు పాతదే అయి ఉంటుంది: మారుతి 800, ఓమ్ని, టాటా సుమో, క్వాలిస్, పాత బొలెరో. బిడ్డ మాత్రం నానీ ఒళ్లోనో, దాదీ ఒళ్లోనో ఉంటుంది.

పాత బండిలో పసిబిడ్డ సీటు పెట్టడం కుదరదని చాలామంది అనుకుంటారు. చాలా బండ్లలో కుదురుతుంది. అయితే సీటు ఎంత ఖరీదైనదైనా దాన్ని పట్టి ఉంచేది బండిలోని బెల్టే. అందుకే ముందు బెల్టు చూడాలి, తర్వాతే సీటు కొనాలి.

ఒళ్లో పట్టుకుంటే చాలదా?

చాలదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి దేనికైనా గుద్దుకుంటే, ఆ దెబ్బ సుమారు 20 అడుగుల ఎత్తు నుంచి కింద పడ్డంత ఉంటుంది. ఆ క్షణంలో 5 కిలోల బిడ్డను ఆపడానికి 150 కిలోల బరువును పట్టుకున్నంత బలం కావాల్సి రావచ్చు. ఎంత ప్రేమగా, ఎంత గట్టిగా పట్టుకున్నా చేతులు ఆగవు.

తల్లికీ బిడ్డకూ కలిపి ఒకే బెల్టు వేయడం ఇంకా ప్రమాదం. తల్లి శరీరం బరువంతా బిడ్డ మీద పడి, బిడ్డ బెల్టుకూ తల్లికీ మధ్య నలిగిపోతుంది. పసిబిడ్డ సీటును సరిగ్గా వాడితే, కార్లలో ఏడాది లోపు పిల్లలకు ప్రాణాపాయం 71 శాతం తగ్గుతుందని అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ లెక్క. ‘సరిగ్గా వాడితే’ అన్న మాటే ఇక్కడ ముఖ్యం.

మన చట్టం కూడా ఇదే చెబుతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్లు నిండని పిల్లలకు సీటు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకుండా బండి నడిపితే 1,000 రూపాయల జరిమానా. బాధ్యత నడిపేవారిదే.

మీ బండిలో ఏ బెల్టు ఉంది?

వెనక సీటు దగ్గర కూర్చుని చూడండి. ఈ నాలుగింటిలో మీది ఏదో తేల్చుకోండి.

1. భుజం మీదుగానూ, నడుము మీదుగానూ వచ్చే మూడు కొసల బెల్టు ఉంది. మంచిది. పసిబిడ్డ సీటు చాలావరకు బిగుస్తుంది.

2. నడుము బెల్టు మాత్రమే ఉంది. పాత కార్లలో వెనక మధ్య సీటుకు ఎక్కువగా ఇదే ఉంటుంది. పసిబిడ్డ సీట్లలో చాలా వాటికి ఇది చాలదు. సీటు పుస్తకంలో ‘నడుము బెల్టుతో వాడవచ్చు’ అని స్పష్టంగా రాసి ఉంటే తప్ప అక్కడ పెట్టకండి.

3. వెనక అసలు బెల్టే లేదు. కొన్ని పాత కార్లలో బెల్టు బిగించే మర రంధ్రాలు బాడీలోనే ఉంటాయి, పైన మూత వేసి ఉంటుంది. ఆ కంపెనీ వర్క్‌షాప్‌లో అడిగి, ఆ బండికి సరిపడే అసలు బెల్టు వేయించండి. రేకుకు కొత్తగా రంధ్రం పొడిచి బోల్టు వేస్తామనే మెకానిక్ మాట వినకండి. గుద్దుకున్నప్పుడు రేకు చినిగి బోల్టు ఊడివస్తుంది.

4. సుమో, బొలెరో లాంటి వాటి వెనక భాగంలో ఎదురెదురుగా ఉండే పక్క సీట్లు. వీటి మీద పసిబిడ్డ సీటు ఎప్పుడూ పెట్టకూడదు. బెల్టు ఉన్నా సరే.

మరి ముందు సీటు సంగతి? ఆ సీటు ముందు ఎయిర్‌బ్యాగ్ ఉంటే వెనక్కి తిరిగి ఉండే పసిబిడ్డ సీటు అక్కడ పెట్టకూడదు. బ్యాగ్ తెరుచుకున్న దెబ్బకే బిడ్డ ప్రాణం పోవచ్చు. ఎయిర్‌బ్యాగ్ లేని పాత బండి అయి, వెనక సరైన బెల్టు లేక, ముందు మాత్రం మూడు కొసల బెల్టు ఉంటే, బండి పుస్తకమూ సీటు పుస్తకమూ ఒప్పుకుంటే అక్కడ పెట్టవచ్చు. ముందు సీటును వీలైనంత వెనక్కి జరపాలి.

బెల్టుకు ఐదు పరీక్షలు

పాత బెల్టు చూడటానికి బాగానే ఉన్నా లోపల పాడై ఉండొచ్చు. బండిని చదునైన చోట ఆపి చూడండి. ఎక్కువ వాలులో ఉంటే బెల్టు దానంతట అదే లాక్ అయి బయటికి రాదు. కొండ ప్రాంతంలో చాలామంది దీన్ని చూసి బెల్టు చెడిపోయిందనుకుంటారు.

- బెల్టును చివరిదాకా లాగండి. అంచులు పీచులు లేచినా, కోతలు పడినా, ఎండకు వెలిసి బిరుసెక్కినా మార్చాల్సిందే.
- ఒక్కసారిగా గుంజండి. టక్కున ఆగాలి.
- వదిలేయండి. పూర్తిగా లోపలికి వెళ్లాలి. దుమ్ము పట్టి మధ్యలో ఆగిపోతే బిగుతు నిలవదు.
- బకిల్‌లో పెట్టి ‘టిక్’ శబ్దం వినండి. గట్టిగా లాగినా ఊడకూడదు. బిస్కెట్ ముక్కలు, చిల్లర నాణేలు లోపల పడి పట్టు చెడిపోతుంది.
- ఈ బండికి ఇదివరకు పెద్ద యాక్సిడెంట్ అయ్యిందా అని పాత యజమానిని అడగండి. అప్పటి బెల్టులే ఉంటే మార్చేయండి.

సీటు కొనేటప్పుడు

పసిబిడ్డకు కావాల్సింది వెనక్కి తిరిగి ఉండే సీటు. అంటే బిడ్డ మొహం బండి వెనక అద్దం వైపు ఉండాలి. ఈ వయసులో తల బరువు ఎక్కువ, మెడ బలహీనం. గుద్దుకున్నప్పుడు సీటు డొప్ప తలనూ మెడనూ వీపునూ కలిపి మోస్తుంది.

సీటు మీద నారింజ రంగు లేబుల్, గుండ్రంలో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం, ఆర్ 44 లేదా కొత్తదైన ఆర్ 129 ప్రమాణం ఉన్నాయేమో చూడండి. మన దేశ ప్రమాణం పేరు ఏఐఎస్-072. ఆర్ 44లో ‘0+’ గుంపు సీట్లు పుట్టినప్పటి నుంచి 13 కిలోల వరకు పనికొస్తాయి. ఆర్ 129లో బరువుతో పాటు బిడ్డ పొడవు చూస్తారు. కనీసం 15 నెలల దాకా వెనక్కి తిరిగే ఉంచాలి.

కొత్త కార్లలో ఐసోఫిక్స్ అనే కొక్కేలు ఉంటాయి. పాత బండిలో అవి ఉండవు. కాబట్టి ఐసోఫిక్స్‌తో మాత్రమే బిగిసే సీటు కొనకండి. బెల్టుతో బిగిసేదే కావాలని అడగండి.

ఇంకో చిక్కు బెల్టు పొడవు. పసిబిడ్డ సీటు చుట్టూ తిరిగి రావాలంటే బెల్టు చాలా పొడవు కావాలి. పాత చిన్న కార్లలో అది చాలక బకిల్ దాకా అందదు. అందుకే రాజమండ్రిలోనో కాకినాడలోనో కొనేటప్పుడు బండిని షాపు దాకా తీసుకెళ్లి, బిగించి చూశాకే డబ్బు కట్టండి. ఆన్‌లైన్‌లో అయితే తిరిగి తీసుకుంటారో లేదో ముందే చూసుకోండి.

పసిబిడ్డ సీటు ఒక్కో బిడ్డకు ఏడాది, ఏడాదిన్నరే పనికొస్తుంది. కాబట్టి ఖాన్‌దాన్‌లో ఒకరి తర్వాత ఒకరు వాడుకోవడం మంచి పద్ధతే. కాకపోతే ఆ సీటు యాక్సిడెంట్‌లో లేదని ఖాయంగా తెలియాలి, లేబుల్, పుస్తకం, గడువు తేదీ ఉండాలి. ఎవరిదో తెలియని సెకండ్‌హ్యాండ్ సీటు వద్దు.

బిగించే పద్ధతి

1. బండి సీటు మీద మెత్తలు, మందపాటి కవర్లు, పరిచిన దుప్పట్లు తీసేయండి. వాటి మీద సీటు జారుతుంది.

2. సీటును వెనక్కి తిరిగేలా పెట్టండి. ఆర్ 44 సీట్లలో వెనక్కి తిరిగి ఉన్నప్పుడు బెల్టు వెళ్లే దారులు నీలం రంగులో ఉంటాయి. ఎరుపువి ముందుకు తిరిగే సీట్లవి.

3. సాధారణంగా నడుము బెల్టు బిడ్డ కాళ్ల మీదుగా రెండు పక్కల నీలం గాడుల్లోంచి, భుజం బెల్టు డొప్ప వెనక నుంచి వెళ్తుంది. మీ సీటు పక్కన అంటించిన బొమ్మ ఏం చూపిస్తే అదే ఆఖరి మాట. బెల్టు మెలిక పడకూడదు.

4. బకిల్ పెట్టాక, ఒక చేత్తో సీటును గట్టిగా కిందికి అదిమి, ఇంకో చేత్తో ముందు నడుము బెల్టును, తర్వాత భుజం బెల్టును లాగి వదులు తీసేయండి.

5. బెల్టు వెళ్లే చోట సీటును పట్టుకుని పక్కలకు ఊపండి. 2.5 సెంటీమీటర్లకు మించి కదలకూడదు.

6. బకిల్ ప్లాస్టిక్ గాడి అంచు మీద పడి వంగి ఉంటే ఆ చోటు పనికిరాదు. పాత బండ్లలో బకిల్ కాడ పొడవుగా ఉంటే ఇలా అవుతుంది. ఇంకో పక్క పెట్టి చూడండి.

7. వాలు చూడండి. సుమారు 45 డిగ్రీలు వెనక్కి వాలి ఉండాలి. పాత బండిలో స్పాంజి కుంగిపోయి సీటు మరీ నిటారుగా నిలుస్తుంది. అప్పుడు బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరి అందదు. సీటు మీద వాలు గుర్తు ఉంటే దాన్ని చూసి సరిచేయండి. సీటు పుస్తకం ఒప్పుకుంటేనే కింద చుట్టిన తువ్వాలు పెట్టండి.

బెల్టు అందకపోతే తాడు, చున్నీ, లగేజీ పట్టీ కట్టి సరిపెట్టకండి. బిగుతుగా కనిపిస్తుంది గానీ గుద్దుకున్నప్పుడు తెగుతుంది లేదా జారుతుంది.

బిడ్డను కూర్చోబెట్టేటప్పుడు

సీటు లోపలి పట్టీలు బిడ్డ భుజాల ఎత్తులో గానీ కాస్త కింద గానీ మొదలవ్వాలి. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి. మడత దొరికితే వదులుగా ఉన్నట్టే. మారేడుమిల్లి చలికి మందపాటి స్వెటర్ వేసి, గుడ్డలో చుట్టి పట్టీలు పెడితే అవి ఒంటికి ఆనవు. పలచని బట్టలతో పట్టీలు పెట్టి, పైన దుప్పటి కప్పండి. మొహం కప్పకండి.

మెడలో తావీజు తాడు, నల్లదారం ఉంటే ప్రయాణంలో తీసి అమ్మ సంచిలో పెట్టండి. పట్టీలకు చిక్కుకుంటే గొంతు బిగుసుకుంటుంది.

దారిలో

మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ ఎక్కితే మలుపులకు సీటు కొంచెం కొంచెంగా వదులవుతుంది. ఆగిన ప్రతిచోటా ఊపి చూసి, వదులైతే మళ్లీ లాగండి. పాలివ్వడానికి బండి ఆపండి. నడుస్తున్న బండిలో బిడ్డను పట్టీల్లోంచి తీయకండి. పసిబిడ్డను సీటులో ఏకధాటిగా రెండు గంటలకు మించి ఉంచొద్దు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ అయితే ప్రయాణానికి ముందే డాక్టర్‌ను అడగండి. పక్కన పెద్దవాళ్లు ఒకరు కూర్చుని బిడ్డ ఊపిరిని, తల వాలడాన్ని చూస్తుండాలి. వాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి. టిఫిన్ క్యారియర్, నీళ్ల క్యాన్ లాంటివి వెనక సీటు మీద పెట్టకండి. దెబ్బ తగిలితే అవే ఎగిరి బిడ్డ మీద పడతాయి. ఎండలో ఆగిన బండిలో బిడ్డను ఒక్క నిమిషం కూడా వదిలి వెళ్లకండి.

ఏ విధంగానూ కుదరకపోతే

సీటు బిగించలేని బండిలో బిగించామని అనిపించుకోవడం కన్నా, ఇంకో బండి వెతకడం మేలు. బంధువుల బండి గానీ, ట్యాక్సీ గానీ మాట్లాడేటప్పుడు ‘వెనక మూడు కొసల బెల్టు ఉందా?’ అని ఫోన్‌లోనే అడగండి. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు అయితే ఇంటికి చేర్చే 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ గురించి డిశ్చార్జికి ముందే నర్సమ్మను అడగండి. ఆటోలో పసిబిడ్డ సీటు పెట్టడానికి లేదు. బైక్ మీద 9 నెలల నుంచి 4 ఏళ్ల పిల్లలకు హార్నెస్, హెల్మెట్ ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. అంతకన్నా చిన్న బిడ్డను బైక్ ఎక్కించకపోవడమే మంచిది.

బయల్దేరే ముందు ప్రయాణ దుఆ చదువుకుంటాం. ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భరోసా పెట్టమని మన ప్రవక్త (స) నేర్పిన పాఠం కూడా మనకు తెలిసిందే. ఇక్కడ ఒంటెను కట్టడమంటే దుఆకు ముందు ఒక్క నిమిషం ఆగి, బిడ్డ సీటును ఊపి చూడటమే. అల్లాహ్ మన పిల్లలందరినీ క్షేమంగా ఇళ్లకు చేర్చుగాక. ఆమీన్.