పిట్టగోడ మీద సీసపు బొడిపెలు

లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథడ్రల్ పైకెక్కి, చుట్టూ ఉన్న రాతి పిట్టగోడ మీద చెయ్యి వేస్తే అరచేతికి బొడిపెలు తగులుతాయి. అవి సీసపు బొడిపెలు. 1980 నాటికే రాతి మట్టం కంటే దాదాపు 2 సెంటీమీటర్లు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. పని తెలిసిన ఏ మేస్త్రీ అయినా అలా వదిలేస్తాడా?

వదల్లేదు. 1718 ప్రాంతంలో, చర్చి నమూనా గీసిన క్రిస్టఫర్ రెన్‌కు ఇష్టం లేకపోయినా, ఈ పిట్టగోడ లేపారు. పైరాళ్లలో తొలిచిన రంధ్రాల్లో సీసం కరిగించి పోసి, రాతితో సమంగా చదును చేశారు. సీసం ఎక్కడిదక్కడే ఉంది. రాయే దిగిపోయింది.

ఇది పోర్ట్‌లాండ్ సున్నపురాయి. నిమ్మరసం పిండితే బుసబుసమంటుంది. వాననీరు కూడా కొంచెం పులుపే కనుక మొదటి అనుమానం వాన మీదికే పోతుంది. కానీ వాన తగిలే చోట రాయి తెల్లగా ఉంటే, చూరుల కింద, వాన సోకని మూలల్లో నల్లటి పెచ్చు కట్టింది. ఆ పెచ్చును పరీక్షిస్తే మసి పట్టిన జిప్సం అని తేలింది. జిప్సంలో గంధకం ఉంటుంది. సున్నపురాయిలో లేని ఆ గంధకం ఎక్కడిది? బొగ్గు పొగది.

బొగ్గు మండితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ తేమతో కలిసి ఆమ్లమై, రాతి పైపొరను జిప్సంగా మారుస్తుంది. జిప్సం సున్నపురాయి కంటే తేలిగ్గా నీళ్లలో కరుగుతుంది. వాన పడ్డప్పుడల్లా అది కొట్టుకుపోయి కొత్త రాయి బయటపడుతుంది. అంటే ఆ తెలుపు శుభ్రత వల్ల వచ్చింది కాదు, అరుగుదల వల్ల వచ్చింది. అదే ఆమ్లం సీసాన్ని తాకితే మాత్రం కరగని పొర కడుతుంది. కారు బ్యాటరీలో సీసపు పలకలు నిలవడంలో ఉన్న కిటుకూ అదే. 

ఎప్పుడు అరిగింది? 260 ఏళ్లలో 2 సెంటీమీటర్లంటే సగటున ఏడాదికి 0.08 మిల్లీమీటరు. సీసం మొత్తం చెబుతుందే గాని తేదీలు చెప్పదు. అందుకే 1980లో భూగోళ శాస్త్రవేత్తలు రాతిలో చిన్న మేకులు నాటి, వాటి మీద మూడు కాళ్ల కొలత పరికరాన్ని నిలిపి, పదేళ్లకోసారి వచ్చి కొలవసాగారు. మరుసటి ఏడే థేమ్స్ అవతలి బ్యాంక్‌సైడ్ విద్యుత్ కేంద్రం మూతపడింది. 1980లో గాలిలో వంద కోట్ల పాళ్లకు 80 దాకా ఉన్న సల్ఫర్ డయాక్సైడ్ 2010 నాటికి 3కు పడిపోయింది.

1980లలో రాయి ఏటా సుమారు 0.049 మిల్లీమీటరు అరిగింది. పాత సగటు కంటే అది తక్కువే. అంటే పెద్ద ముక్క అంతకుముందే పోయింది. ఇంటింటా బొగ్గు పొయ్యిలు రగిలిన రోజుల్లో, 1956లో గాలి శుభ్రత చట్టం రాకముందే పోయిందనుకోవాలి.

1990 తర్వాత లెక్క 0.035 దగ్గరకు దిగి అక్కడే ఆగింది. గంధకం ఇంకా తగ్గుతూనే ఉన్నా ఇది తగ్గలేదు. మొదట అనుమానించి వదిలేసిన వాన వాటా ఇదన్నమాట. బొడిపెలు ఇంకా లేస్తూనే ఉన్నాయి. ఒకప్పుడు పన్నెండేళ్లలో పోయిన ఒక్క మిల్లీమీటరు రాయి పోవడానికి ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు పడుతుంది.