ఆ బట్టలు ఎవరు ఉతికేవారు?

విశాఖపట్నంలో ఓ ఛాతీ ఆసుపత్రి. ఉదయం తొమ్మిదిన్నర. థొరకోస్కోపీ (ఛాతీలోకి కెమెరా దించి చూసే పరీక్ష) గదిలో అడుగు పెట్టగానే ఏసీ చలి ఒంటికి తగులుతుంది, వెనకే స్పిరిట్ వాసన. మీకు ఆకుపచ్చ గౌను తొడిగి, మాస్కు ఇచ్చి, గోడవారగా నిలబడమన్నారు. దేన్నీ ముట్టుకోవద్దన్నారు.

బల్లమీద ఆమె ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉంది. అరవై దాటిన మనిషి. కుడి డొక్క బాగా పైకి వచ్చేలా కుడిచెయ్యి తలమీంచి ముందుకు చాపించారు. అయోడిన్ పూసిన మేర చర్మం గోధుమరంగుకు తిరిగింది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. (ఈమె నేను కూర్చుకున్న మనిషి, పేరు పెట్టలేదు. ఈమెకు చేసే పరీక్షలూ ఇచ్చే మందులూ మాత్రం కల్పన కాదు.)

"అమ్మా, మత్తు సూది వేస్తున్నాను. కొంచెం చురుక్కుమంటుంది."

"సెయ్యండి బాబూ. ఎనిమిది నెలల్నుంచి పొడిపించుకుంటానే ఉన్నాను."

ఎనిమిది నెలల కింద మెట్లెక్కితే ఆయాసం వచ్చింది. మొదట చూసిన డాక్టరు ఆమె నోరు తెరిపించి, అంగిలి చూసి, "చుట్ట మానెయ్యి" అన్నాడు. ఉత్తరాంధ్ర తీరంలో పెద్దవయసు ఆడవాళ్లు కొందరు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. ఈమెకూ ఆ అలవాటుంది. చుట్టవల్ల జరిగే చెడు చాలానే ఉంది కానీ, ఈ జబ్బు దానివల్ల రాదు. రెండో డాక్టరు ఎక్స్‌రే తీయించి, కుడివైపు నీరు చూసి, సూదితో కొంత తీసి పరీక్షకు పంపాడు. నీటిలో లింఫోసైట్లు ఎక్కువ, ఏడీఏ అనే ఎంజైము కాస్త పెరిగింది. టీబీ అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేం. మన దేశంలో ఊపిరితిత్తి పొరల మధ్య నీరు చేరిందంటే ముందు అనుమానించాల్సింది టీబీనే. కాకపోతే ఏడీఏ ఆ పొరకు వచ్చే మీసోథీలియోమా అనే కేన్సర్లోనూ కొందరికి పెరుగుతుంది. ఆర్నెల్ల మందుల కోర్సు పూర్తయింది. నీరు మళ్లీ వచ్చింది. తీశారు. మళ్లీ వచ్చింది.

ఇప్పుడు అల్ట్రాసౌండ్ తెరమీద నల్లగా కనిపిస్తున్నది ఆ నీరే. డాక్టరు రెండు పక్కటెముకల మధ్య వేలితో నొక్కి చూసుకుని, చిన్న కోత పెట్టి, లోహపు గొట్టం దించాడు. సక్షన్ జాడీలోకి పలుచటి ఎరుపు నీరు దూకింది. సూదితో తీసినప్పుడైతే ఒకేసారి ఎక్కువ లాగకూడదు. ఇక్కడ నీరు తీసేకొద్దీ గొట్టంలోంచి గాలి లోపలికి వెళ్తుంది కాబట్టి మొత్తం తోడెయ్యొచ్చు. ఊపిరితిత్తి మెల్లగా ముడుచుకుని కెమెరాకు దారి ఇస్తుంది.

తెర చూడండి. ఛాతీ గోడకు లోపల పరుచుకుని ఉండే పొరను ప్లూరా అంటారు. ఆరోగ్యంగా ఉంటే అది ఎంత పలచగా మెరుస్తుందంటే, దాని వెనక పక్కటెముకలూ రక్తనాళాలూ స్పష్టంగా కనపడతాయి. ఈమె లోపల ఏ ఎముకా కనపడడం లేదు. పసుపు కలిసిన తెల్లటి మందం పరుచుకుని ఉంది. దానిమీద చిన్నా పెద్దా బుడిపెలు. కిందికి తిప్పితే డయాఫ్రం మీద అవే బుడిపెలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గుత్తులు కట్టాయి. కెమెరా కాస్త వెనక్కి వచ్చి ఓ చోట ఆగింది. అక్కడ బుడిపెలు లేవు. దంతం రంగులో, నున్నగా, అంచులు తేలిన ఓ మచ్చ.

"ప్లాక్," అన్నాడు డాక్టరు పక్కనున్న పీజీ విద్యార్థితో. "సీటీ రిపోర్టులో దీన్నే పాత టీబీ మచ్చ, కాల్షియం పట్టింది అని రాశారు."

ఆ మచ్చ కేన్సర్ కాదు, అది కేన్సర్‌గా మారదు కూడా. కానీ అది ఆస్బెస్టాస్ (రాతినార) దుమ్ము చేసిన సంతకం. రాతినార పోగులు వెంట్రుకకంటే ఎన్నో రెట్లు సన్నం. పీల్చినవాటిలో కొన్ని ఊపిరితిత్తి దాటి పొరదాకా చేరతాయి. వాటిని మింగేసి అరిగించుకోవడానికి వచ్చిన రక్షణ కణాలకు అంత పొడుగు పోగు కొరుకుడుపడదు. వాపు తగ్గదు, చుట్టూ ఉన్న కణాల డీఎన్‌ఏ దెబ్బతింటూ పోతుంది. అలా ఇరవై ఏళ్లు, ముప్పై, ఒక్కోసారి యాభై గడుస్తాయి. మీసోథీలియోమా బయటపడేసరికి ఆ దుమ్ము పీల్చిన సంగతి మనిషికే గుర్తుండదు.

ఫోర్సెప్స్ లోపలికి వెళ్లి మూసుకుంది. డాక్టరు ముక్కను తుంచకుండా చీల్చినట్టు లాగుతున్నాడు. పైపై పొర తీసుకుంటే పాథాలజిస్టు ఏమీ తేల్చలేడు. వాపుతో ఉబ్బిన మామూలు మీసోథీలియల్ కణాలు కూడా కేన్సర్ కణాల్లాగే కనపడి మోసం చేస్తాయి. ముక్కలో అడుగున ఉన్న కొవ్వు కూడా రావాలి. కణాలు ఆ కొవ్వులోకి చొరబడితే అది దాడే, వాపు కాదు. ఒక ముక్క, మరో ముక్క... ఫార్మలిన్ సీసాలో వేస్తుంటే కొన్ని తేలుతున్నాయి, కొన్ని మునుగుతున్నాయి. తేలేవాటిని చూసి పీజీ విద్యార్థి తల ఊపింది. కొవ్వు వచ్చింది.

"అమ్మా, మీరు ఏం పని చేసేవారు?" మత్తులో ఉన్న ఆమెను డాక్టరు వంగి అడిగాడు.

"ఇంటిపనే బాబూ."

"ఇంటాయన?"

"ఓడల్లో..."

ట్యూబు కుట్టి, సీసాలో బుడగలు చూసుకుని, డాక్టరు గ్లవ్స్ తీసేశాడు. ఆయనతోపాటు మీరూ వరండాలోకి రండి.

బెంచీమీద ముసలాయన. చేతిలో మందుల చీటీలున్న ప్లాస్టిక్ కవరు. పక్కన కూతురు. ఆయన లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి. ఓడల్లో ఏం పని చేశారు?"

"లాగింగండి. కాంట్రాక్టరు కింద. రిపేరుకొచ్చిన ఓడల్లో బాయిలర్లకీ స్టీము పైపులకీ పాత చుట్టుడు గోకేసి, కొత్తది చుట్టాల. పదకొండేళ్లు సేసినాను."

"దుమ్ము వచ్చేదా?"

"దుమ్మంటే మామూలు దుమ్మా! పక్కనోడు కనపడేవోడు కాదు. మూతికి తువ్వాలు కట్టుకునేవోళ్లం."

"ఆ బట్టలు ఎవరు ఉతికేవారు?"

ముసలాయన ఆ ప్రశ్నకు నవ్వాడు. "మా యావిడే. కాకపోతే నానుతుకుతానా? పెరట్లో రెండు సేతులా దులిపి, అప్పుడు నానబెట్టేది. తెల్లంగా లేసేది. గుంటల్ని దగ్గిరికి రానిచ్చేది కాదు."

కూతురు ఆ మాట పట్టుకుని డాక్టరు కళ్లలోకి చూసింది. ఆయన రాసుకుంటున్నాడు. ముసలాయన ఇంకా మొదటి ప్రశ్న దగ్గరే ఉన్నాడు. ఏ ఓడ ఎక్కడినుంచి వచ్చిందో చెబుతున్నాడు. డాక్టరు ఆయనకు ఆ పూట ఏమీ చెప్పలేదు. రిపోర్టు రాలేదుగా అన్నది ఒక కారణం. వచ్చాక కూడా "ఆ దుమ్ము వల్ల" అంటాడుగానీ "మీ బట్టల వల్ల" అనడు. నా లెక్కలో అది అబద్ధం కాదు. బట్టలకు దుమ్ము పట్టించినవాడు ఆ మనిషి కాదు.

ఇదంతా వైద్యానికి కొత్త సంగతేం కాదు. 1950ల్లో దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో టీబీ వైద్యుడు స్లెగ్స్ దగ్గర కొందరు రోగులు టీబీ మందులకు లొంగలేదు. వాళ్లంతా పడమటివైపు నీలి ఆస్బెస్టాస్ గనులున్న కొండల ప్రాంతంనుంచి వచ్చినవాళ్లు. పాథాలజిస్టు వాగ్నర్, స్లెగ్స్, మార్చండ్ కలిసి 1960లో 33 కేసులు ప్రచురించారు. అందులో గని కార్మికులే కాదు, గృహిణులున్నారు, పశువుల కాపర్లున్నారు. 1965లో లండన్‌లో న్యూహౌస్, థాంప్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 76 మంది రోగుల చరిత్ర తవ్వితే, తొమ్మిది మందికి ఇంట్లోవాళ్ల పనిద్వారా ఆస్బెస్టాస్ అంటినట్టు తేలింది. ఎక్కువగా భర్తల పనిబట్టలు ఉతికిన ఆడవాళ్లు. అరవై ఏళ్ల కిందటి మాట ఇది. మన ఓపీ చీటీలో ఇప్పటికీ వయసు, లింగం, ఊరు రాయడానికి గళ్లున్నాయి. ఆమె ఏం పని చేసేదో, ఆమె ఇంటాయన ఏం పని చేసేవాడో రాయడానికి గడి ఉన్న చీటీ మీకెక్కడైనా కనిపిస్తే చెప్పండి.

మన నేలకూ ఈ రాయి పరాయిది కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో రాతినార గనులు తవ్వారు. మన ఇళ్లమీద ఆస్బెస్టాస్ సిమెంటు రేకులు ఇప్పటికీ ఉన్నాయి. కదలకుండా ఉన్న రేకు కింద పడుకున్నందుకు బెంబేలెత్తక్కర్లేదు. దాన్ని రంపంతో కోసేవాడు, డ్రిల్లు పెట్టేవాడు, విరిగిన ముక్కలు పొడిగా ఊడ్చేవాడు మాత్రం ముక్కూ నోరూ కాచుకోవాలి. కనీసం నీళ్లు చల్లుకోవాలి.

పాథాలజీ గది. నాలుగు రోజులైంది. రెండు తలల మైక్రోస్కోపుకు అటు పాథాలజిస్టు, ఇటు మీరు. గులాబీరంగు కణాలు గొట్టాలుగా, గుంపులుగా పేర్చుకుని, తెల్లటి కొవ్వు గదుల మధ్యకు దూరిపోయాయి. దాడే. కానీ ఊపిరితిత్తి కేన్సర్ పొరకు పాకినా దాదాపు ఇలాగే ఉంటుంది. అందుకే రంగుల పరీక్షలు. కాల్‌రెటినిన్ స్లైడ్ పెట్టారు. కణాలన్నీ గోధుమరంగు. డబ్ల్యూటీ1, అదే రంగు. ఊపిరితిత్తి కేన్సర్లో సాధారణంగా పట్టే టీటీఎఫ్-1 పట్టలేదు. చివరగా బ్యాప్1. "ఈ లింఫోసైట్లు చూడండి, గోధుమరంగు. స్టెయిన్ పనిచేసిందన్నమాట. ఇప్పుడు పక్కనున్న కేన్సర్ కణాల కేంద్రకాలు?" ఖాళీ నీలం. కణాన్ని అదుపులో పెట్టే ఓ జన్యువు పోయింది. వాపుతో ఉబ్బిన మామూలు కణాల్లో బ్యాప్1 పోదు.

రిపోర్టు: మీసోథీలియోమా, ఎపిథీలియాయిడ్ రకం. సార్కొమటాయిడ్ అయ్యుంటే ఇంకా గడ్డు. చెడ్డ వార్తలో కాస్త మెరుగైనదిది.

ట్యూమర్ బోర్డు సమావేశం పావుగంటలో అయిపోయింది. సర్జన్ ముందే చేతులెత్తేశాడు, ఓటమితో కాదు, ఆధారాలతో. పొరలన్నీ ఒలిచేసే పెద్ద ఆపరేషన్ని బ్రిటన్‌లో మార్స్2 ట్రయల్ పరీక్షించింది. ఫలితాలు 2024లో వచ్చాయి. కీమోతో పాటు ఆపరేషనూ చేయించుకున్నవాళ్లు మధ్యస్థంగా 19.3 నెలలు బతికితే, కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లు 24.8 నెలలు బతికారు. నివోలుమాబ్, ఇపిలిముమాబ్ మందుల జంటను అమెరికాలో 2020లో అనుమతించారు. 18.1 నెలలు, కీమోకు 14.1. ఎపిథీలియాయిడ్ రకంలో ఆ తేడా అంతగా లేదు, ఖర్చు లక్షల్లో. ముసలాయన చేతిలోని ప్లాస్టిక్ కవరు గుర్తుంటే, ఆ మాట ఎందుకు ముందుకు సాగలేదో మీకు తెలుస్తుంది. మిగిలింది పెమెట్రెక్సెడ్, సిస్‌ప్లాటిన్. 2003లో వెలువడిన ట్రయల్లో సిస్‌ప్లాటిన్ ఒక్కటే ఇస్తే 9.3 నెలలు, రెండూ కలిపితే 12.1. ఈ పెమెట్రెక్సెడ్‌ను హైదరాబాద్ కంపెనీలు కూడా తయారుచేస్తున్నాయి కాబట్టి ధర కొంచెం అందుబాటులో ఉంది.

కూతురు ఓ ప్రశ్న రాసుకొచ్చింది. నష్టపరిహారం ఏమైనా వస్తుందా? పనివల్ల వచ్చే జబ్బులకు పరిహారమిచ్చే చట్టం జాబితాలో ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మీసోథీలియోమా పేరు ఉంది. ఆస్బెస్టాస్ పరిశ్రమల్లో ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునూ చేరిన నాటినుంచి 40 ఏళ్లు గానీ, మానేశాక 15 ఏళ్లు గానీ, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అదంతా కార్మికుడికి. కాంట్రాక్టరు కింద రోజుకూలికి వెళ్లిన ఆయన పేరు ఏ మస్టరులో ఉందో ఆయనకే తెలీదు. ఇక ఈమె? పదకొండేళ్లు ఆ బట్టలు ఉతికిన ఈమె ఏ యజమానికీ ఉద్యోగి కాదు. డాక్టరు ఆ అమ్మాయికి ఇవే మాటలు చెప్పి, కేసుషీట్లో మాత్రం భర్త పని, ఏళ్లు, ఉతుకుడు సంగతి వివరంగా రాసి సంతకం పెట్టాడు. రేపు ఎవరైనా అడిగితే కాగితమైనా ఉండాలిగా.

డేకేర్ వార్డు. వారం ముందే ఆమెకు బీ12 ఇంజక్షను పడింది, రోజూ ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకుంటోంది. 2003 నాటి ఆ ట్రయల్లో మొదట్లో ఈ విటమిన్లు లేక మందు ధాటికి మనుషులు తట్టుకోలేకపోయారు, మధ్యలో చేర్చారు. నిన్నా ఇవాళా రేపూ డెక్సామెథసోన్. పది నిమిషాల్లో పెమెట్రెక్సెడ్ దిగిపోయింది. అరగంట ఆగి సిస్‌ప్లాటిన్, దానికి ముందూ వెనకా సెలైన్, కిడ్నీలు కాపాడుకోవడానికి. మూత్రం ఎంత పోసిందో నర్సు ప్రతిసారీ కొలిచి రాస్తోంది. ట్యూబులోంచి టాల్క్ వేశాక నీరు మళ్లీ చేరలేదు, ఆయాసం తగ్గింది. డొక్కలో నొప్పికి మార్ఫిన్ మాత్ర. ఇరవై ఒక్క రోజులకు మళ్లీ రావాలి, తట్టుకుంటే ఆరుసార్లు.

రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ని ఆమె చేత్తో సైగ చేసి దగ్గరికి పిలిచింది.

"బాబూ, ఈ జబ్బుకీ సుట్టకీ సంబంధం లేదన్నారంట గదా."

"లేదమ్మా."

"మరి మా అమ్మాయి డబ్బా దాసేసింది. ఒకటి ఇప్పించండి."

డాక్టరు నవ్వాపుకుని, జేబులోంచి టార్చి తీసి, "ఏదీ, నోరు తెరవండి," అన్నాడు. అంగిలి నిండా తెల్లటి పొర, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు. కేసుషీటు తిప్పి ఈఎన్‌టీకి చీటీ రాశాడు.