హ్యాకర్ అంటే దొంగేనా? ఆ పేరు అసలు ఎవరిది.. మన తెలుగు అక్షరాలతో వాళ్లకు లింకేంటి?

రావులపాలెం సెంటర్‌లో బస్సు కోసం నిలబడ్డ వాళ్లను హ్యాకర్ అంటే ఎవరని అడగండి. ఓటీపీ లాగేసి బ్యాంకు ఖాతా ఊడ్చేసేవాడనే చెబుతారు. అక్కడే ఎవరో ఒకరు ఫోన్లో ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగులో మెసేజ్ పంపుతూ ఉంటారు. ఆ పద్ధతికి తొలి బాటలు వేసిన వాళ్లూ పాత అర్థంలో హ్యాకర్లే!

బొమ్మ రైళ్ల దగ్గర పుట్టిన మాట

అమెరికాలోని ఎంఐటీలో బొమ్మ రైళ్లు నడిపే విద్యార్థుల క్లబ్బు ఒకటుంది. పట్టాల కింద వైర్లు, స్విచ్‌లతో కుస్తీ పట్టే ఆ కుర్రాళ్లు తెలివిగా చేసిన పనిని 'హ్యాక్' అనేవారు. 1950ల చివర్లో వాళ్ల కన్ను కంప్యూటర్ మీద పడింది. పగలు మెషీన్ దొరకడం కష్టం. దాంతో రాత్రిళ్లు కూర్చుని తెల్లారేదాకా ప్రోగ్రాములు రాసేవారు. 1962లో స్టీవ్ రస్సెల్, అతని స్నేహితులు పీడీపీ-1 మీద 'స్పేస్‌వార్' అనే ఆట తయారు చేశారు. అమ్ముకోలేదు, అడిగిన వాళ్లకు ఇచ్చేశారు.

జీతం లేదు, మార్కులు రావు. మరి ఎందుకీ జాగారం? లోపల ఎలా పనిచేస్తుందో చూడాలన్న దురద ఒకటి. తోటివాడు కోడ్ చూసి 'భలే రాశావ్' అంటే వచ్చే కిక్ ఇంకొకటి. డిగ్రీ, వయసు కాదు, పనితనమే లెక్క. 1984లో స్టీవెన్ లెవీ తన 'హ్యాకర్స్' పుస్తకంలో ఈ కట్టుబాట్లనే గ్రంథస్థం చేశారు.

అలాగని అందరూ బుద్ధిమంతులేం కాదు. జాన్ డ్రేపర్ లాంటి వాళ్లు 2600 హెర్ట్జ్ ఈలతో ఫోన్ ఎక్స్ఛేంజీలను బోల్తా కొట్టించి ఫ్రీ కాల్స్ చేశారు. 1983లో మిల్వాకీ కుర్రాళ్లు లాస్ అలమోస్ ప్రయోగశాల కంప్యూటర్లలోకి చొరబడి దొరికిపోయారు. అప్పటి నుంచి పేపర్లలో హ్యాకర్ అంటే నేరగాడే. మన ఐటీ చట్టం-2000లో సెక్షన్ 66 పేరే 'హ్యాకింగ్'. అప్పట్లో శిక్ష మూడేళ్ల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 2008 సవరణలో ఆ మాట తీసేసి 'కంప్యూటర్ సంబంధిత నేరాలు' అని మార్చారు. పాత తరానికి అదొక్కటే ఊరట.

తాళం పడ్డ తెలుగు

1990ల మొదట్లో ఈమెయిల్‌లో తెలుగు రాసే దారి లేదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ కలిసి ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్టీఎస్ పద్ధతి తయారు చేశారు. చిన్న ఎల్ అయితే 'ల', పెద్ద ఎల్ అయితే 'ళ'.

తర్వాత తెలుగు పేపర్లు ఇంటర్నెట్‌లోకి వచ్చినా చిక్కు తీరలేదు. ఒక్కో సైట్‌కు ఒక్కో ఫాంట్. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట దూర్చేవారు. ఆ ఫాంట్ లేకపోతే తెర మీద అంతా పిచ్చిగీతలే, వెతికితే ఒక్క పదమూ దొరకదు. తెలుగుకు 1991లోనే యూనికోడ్‌లో చోటు దక్కినా పరిస్థితి ఇదీ! వెన్న నాగార్జున ఆ ఫాంట్ల గుట్టు ఒక్కొక్కటిగా విప్పి, వాటిని యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ'ను ఫైర్‌ఫాక్స్ కోసం రాశారు. ఉచితంగా, కోడ్‌తో సహా ఇచ్చేశారు. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియా మొదలైందీ ఆయన చొరవతోనే.

కోడ్ బయట పెట్టడం వల్ల ఏమైందంటే.. 2006లో వీవెన్ ఆ 'పద్మ' కోడ్ తీసుకుని 'లేఖిని' కట్టారు. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే నెట్ సెంటర్లో కూర్చుని కూడా తెలుగు రాసే వీలు కలిగింది. అందులో రావులపాలెం అని రాయాలంటే చివర్లో పెద్ద ఎమ్ కొట్టాలి. ఆర్టీఎస్‌లోనూ సున్నాకు అదే మీట.