శీతకాలంలో విద్యుత్ స్మోకర్ వాడకం

విద్యుత్ స్మోకర్ అనేది మాంసాన్ని, చేపలను తక్కువ వేడిలో, చెక్క పొగ మధ్య గంటల తరబడి ఉంచి వండే బీరువా వంటి ఉపకరణం. తెలంగాణ పల్లెల్లో ఎండబెట్టుకునే ఒట్టి తునకలు తేమ పోవడం వల్ల నిలవ ఉంటే, ఇందులో వండిన మాంసానికి పొగ ఇచ్చేది ప్రధానంగా రుచి, రంగు మాత్రమే కాబట్టి, దాన్ని వండిన కూరలాగే త్వరగా తినాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి. అమెరికా, కెనడాలలో ఇంటి పెరట్లో దీని వాడకం ఎక్కువ. చలికాలంలో ఎదురయ్యే చిక్కులు కూడా అక్కడివే.

బీరువా అడుగున విద్యుత్తుతో వేడెక్కే కాయిల్, దాని పక్కన హికరీ, ఆపిల్, ఆల్డర్ వంటి చెట్ల పేళ్లు వేసే చిన్న తట్ట, పైన నీళ్ల పళ్లెం, ఆపైన మాంసం పెట్టే కమ్మీల అరలు, పై భాగంలో పొగ బయటికి పోయే రంధ్రం ఉంటాయి. పేళ్లు మంట లేవకుండా రాజుకున్నప్పుడు చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం విడిపోయి గ్వాయకాల్, సిరింగాల్ అనే సమ్మేళనాలు వెలువడతాయి. పొగ వాసనగా, రుచిగా మనకు తెలిసేవి చాలావరకు ఇవే.

చలిలో మొదట బయటపడేది ఈ యంత్రపు శక్తికి ఉన్న హద్దు. చాలా నమూనాలలో కాయిల్ సామర్థ్యం 800 వాట్లు, అంటే ఒక ఇస్త్రీపెట్టె వాడేంత విద్యుత్తు. లోపల 107 డిగ్రీల సెల్సియస్ నిలపాలనుకుంటే, బయట 25 డిగ్రీలున్న రోజున తేడా 82 డిగ్రీలు, బయట సున్నాకు 15 డిగ్రీలు దిగువన ఉన్న రోజున 122 డిగ్రీలు. గోడల గుండా పోయే వేడి ఈ తేడాను బట్టే పెరుగుతుంది కనుక, నష్టం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. గాలి దీనికి తోడైతే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. గోడను అంటిపెట్టుకుని ఉండే వెచ్చని గాలిపొరను అది ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది. అందువల్ల గాలికి అడ్డుగా ఒక తెర నిలబెట్టడం అన్నిటికన్నా ఫలితమిచ్చే ఉపాయం. అయితే ఆ తెర పొగ రంధ్రాన్నిగాని, కంట్రోల్ ప్యానెల్‌నుగాని కప్పకూడదు. సన్నని, పొడవైన ఎక్స్‌టెన్షన్ తీగ వాడితే వోల్టేజీ పడిపోతుంది. 5 శాతం తగ్గితే కాయిల్ ఇచ్చే వేడి దాదాపు 10 శాతం తగ్గుతుంది. తలుపు తెరిచిన ప్రతిసారీ పోయిన వేడిని 800 వాట్లతో మళ్లీ కూడబెట్టడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి, మాంసంలోకి గుచ్చే థర్మామీటర్‌తో బయటినుంచే గమనించాలి, పళ్లెంలో వేడినీళ్లే పోయాలి. మాంసం గడ్డకట్టి ఉంటే పూర్తిగా కరిగాకే లోపల పెట్టాలి. 4 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. చలిలో ఆ దశ సాగిపోయే అవకాశం ఎక్కువ. పనైందని తేల్చాల్సింది గడియారం కాదు, మాంసం లోపలి వేడి: కోడికి 74, ఖీమాకు 71, గొడ్డు, పంది మాంసాల పెద్ద ముక్కలకు 63 డిగ్రీలు, ఆపై మూడు నిమిషాల విరామం.

చలివల్ల ఒక మేలు కూడా ఉంది. వేసవిలో కాయిల్ తరచూ ఆగిపోవడంతో పేళ్లు చల్లారి పొగ సన్నబడుతుంది. శీతకాలంలో అది ఎక్కువసేపు పనిచేయడంతో పొగ తెగకుండా వస్తుంది. పేళ్లు కూడా త్వరగా బొగ్గవుతాయి గనుక ఒకేసారి కుమ్మరించక కొద్దికొద్దిగా వేయాలి. చల్లని లోహానికి తగిలిన ఆవిరి పొగతో కలిసి నల్లని చుక్కలై తలుపు లోపలివైపు జారుతుంది. అవి మాంసం మీద పడితే చేదెక్కుతుంది. పై రంధ్రం తెరిచి ఉంచడమే దీనికి మందు.

ఇంత శ్రమ ఎందుకని యంత్రాన్ని గ్యారేజీలోకో వంటింట్లోకో చేర్చడం మాత్రం ప్రాణాంతకమైన పొరపాటు. విద్యుత్తుతో నడిచేది కనుక విషవాయువు రాదనే భావన తప్పు: కాయిల్‌నుంచి రాదు, రాజుకునే చెక్కనుంచి వస్తుంది. ఆ కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవారు నిద్రలోనే ప్రాణాలు కోల్పోవడానికి కారణం ఇదే వాయువు. ఒక కిటికీ తెరవడం, గ్యారేజీ షట్టర్‌ను సగం లేపడం రక్షణ కాజాలవు. ఆరుబయట వాడేందుకు చేసిన యంత్రాల విషయంలో తయారీదారుల సూచనలూ ఇదే చెబుతాయి.

ఇంట్లో వాడేందుకే రూపొందించినవి వేరు. 2024లో అమెరికా మార్కెట్‌లోకి వచ్చిన జీఈ ప్రొఫైల్ ఇండోర్ స్మోకర్‌లో పొగను ఉత్ప్రేరకం గుండా పంపి శుద్ధి చేసే ఏర్పాటు ఉంది. మామూలు స్మోకర్‌ను చిమ్నీ కింద పెట్టడం దీనికి సాటిరాదు.

చలి నిజంగా అక్కరకొచ్చేది శీతల ధూమీకరణకు, అంటే వండకుండా 30 డిగ్రీల లోపే పొగ పట్టించడానికి. కాయిల్‌ను ఆపివేసి, నెమ్మదిగా రాజుకునే రంపపు పొట్టుతో పొగ పుట్టించి, ముందే ఉప్పు పట్టించిన సాల్మన్ చేపకో, చీజ్‌కో తగిలిస్తారు. వేసవిలో కష్టమైన ఈ పని శీతకాలపు ఆరుబయట సులువుగా సాగుతుంది. అయితే ఇంత తక్కువ వేడికి లిస్టీరియా అనే బ్యాక్టీరియా చావదు కనుక, గర్భిణులు అలాంటి చేపను మళ్లీ వండకుండా తినకూడదు.